మీ ఇద్దరి కంపెనీలు

ఒక్క ఉత్తరం రాసేసి ఆ రోజు పెందలాడే ఇంటికి పోదామనుకున్నాడు గొడుగుల కంపెనీ గుమాస్తా. గుడ్డ సరఫరా చేసే మిల్లు యజమానినీ, ఆయన భార్యనూ గురువారం భోజనానికి పిలవాలి. వానాకాలం ముంచుకొస్తోంది. ఆయన్ని మంచి చేసుకుంటేనే సకాలంలో గుడ్డ వస్తుంది.

"ఇంగ్లీషులో రాయవయ్యా, మర్యాదగా ఉంటుంది," అన్నాడు బాసు. "మీరిద్దరూ కంపెనీ ఇస్తే మాకు సంతోషం అని రాయి. మొన్నటిలా 'ఫర్నిచర్స్' అని రాసి నలుగురిలో నవ్వులపాలు చెయ్యకు."

ఆ అవమానం మింగలేకే గుమాస్తా పొద్దున్నే కూతురి దగ్గర పాఠం చెప్పించుకుని వచ్చాడు.

"లెక్కపెట్టగలిగితేనే చివర 'స్' వస్తుంది నాన్నా. నీళ్ళకు రాదు."

"నీళ్ళు బహువచనమే కదే?"

"అది తెలుగులో. మనం నీళ్ళనీ పాలనీ కూడా బహువచనంలో గౌరవిస్తాం. వాళ్ళకంత మర్యాద లేదు."

ఆ పాఠం తలుచుకుంటూ గుమాస్తా ఆఫీసులో వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. భర్త ఒకటి, భార్య రెండు. 'గురువారం భోజనం వేళకు మీ రెండు కంపెనీస్ మాకు కావాలి' అని ఇంగ్లీషులో టైపు చేసి బంట్రోతు చేత పంపాడు.

మిల్లు యజమానికి ఉన్నవి సరిగ్గా రెండు కంపెనీలు. ఒకటి గుడ్డల మిల్లు, రెండోది రంగుల కార్ఖానా.

మధ్యాహ్నానికల్లా మిల్లు మేనేజరు ఫోను చేశాడు. "ఏమండీ, గొడుగులమ్మేవాళ్ళు మమ్మల్ని కొనేంతవాళ్ళయ్యారా? కార్మికులు గేటుకు అడ్డంగా కూర్చున్నారు. లారీ కదలడం లేదు."

ఉత్తరంలో ఏముందో ఫోన్లో చదివించుకుని బాసు కుర్చీలో కూలబడ్డాడు. "కంపెనీ అంటే తోడయ్యా! తోడును లెక్కపెడతారా ఎవరైనా? సరిదిద్ది రాయి!"

గుమాస్తా 'స్' తీసేశాడు. ఈసారి వ్యాకరణంలో వంక పెట్టడానికి లేదు: 'మాకు మీ కంపెనీస్ వద్దు. మీ కంపెనీ చాలు.'

అక్కడ దాన్ని బేరమనుకున్నారు. రెండూ వద్దట, ఒకటి చాలట. ఆ ఒక్కటీ ఏదన్నది చెప్పలేదు. దాంతో రంగుల కార్ఖానావాళ్ళు కూడా వచ్చి గేటు దగ్గర కూర్చున్నారు.

ఆ రాత్రి ఇంట్లో గుమాస్తాకు ముద్ద దిగలేదు. ఈ ఉద్యోగం పోతే పిల్ల చదువేం కాను?

"నాన్నా, సర్వనామాలు చెప్పనా?" అంది కూతురు.

"నీకు దండం పెడతానమ్మా."

గురువారం మిల్లు యజమాని భార్యతోబాటు ప్లీడరును కూడా వెంటబెట్టుకొచ్చాడు. బాసు చేతులు జోడించాడు. "తప్పంతా మాదేనండీ. మీ కంపెనీల మీద మాకు కన్ను లేదు. భోజనానికి పిలిచాం, అంతే."

మిల్లు యజమాని ముఖం పాలిపోయింది. "అంటే... కొనరా?"

"కొనం."

"ఒక్కటి కూడానా?"

ఆయన భార్య కళ్ళు తుడుచుకుంది. "ఎన్నాళ్ళనుంచో అమ్మేస్తామంటే కొనే నాథుడు లేడు. ఇన్నాళ్ళకు దేవుడు మిమ్మల్ని పంపాడని సామాను కూడా సర్దేశానండీ."

పనివాళ్ళకు నచ్చజెప్పి, వీడ్కోలు చెప్పి మరీ వచ్చాడాయన. మళ్ళీ ఏ ముఖం పెట్టుకుని మిల్లు తెరుస్తాడు? విస్తరి ముట్టకుండా లేచిపోయాడు.

వాన వచ్చింది. గుడ్డ రాలేదు.

గుమాస్తా ఉద్యోగం మాత్రం పోలేదు. తీసేస్తున్నామని ఇంగ్లీషులో ఉత్తరం రాయగలవాడు ఆ ఆఫీసులో అతనొక్కడే.