రెండు నుంచి నాలుగు దాకా

ఆ శనివారం పొద్దున ఇంట్లో ఉన్నది నలుగురు. బారాఓనా నుంచి అజువాకు ఇరవై రెండేళ్లుగా బస్సు నడుపుతున్న ఎవారిస్తో, ఆయన తల్లి దోన్యా కాసిల్దా, పదిహేనేళ్ల కూతురు యనెల్, మంచం పక్కన బల్ల మీద మిషను. నిద్రలో ఎవారిస్తో ఊపిరి ఆగిపోకుండా రాత్రంతా ముక్కులోకి గాలి ఊదే మిషను అది. యనెల్ వాళ్లమ్మ తెల్లవారకముందే అంగడికి వెళ్లిపోయింది. ఇంట్లో జరిగేవన్నీ నోటుపుస్తకంలో రాసుకునే యనెల్‌కు మిషనును కూడా మనిషి కింద లెక్కవేయడం అలవాటు. ఇంట్లో అందరికంటే దాని ఆరోగ్యం గురించే ఎక్కువ మాట్లాడుకుంటారు మరి.

ఆనాటి పని చిన్నదే. పది గంటలకు ఎవారిస్తో ఆ మిషను తీసుకెళ్లి బస్సుల సంఘం డాక్టరుకు చూపించాలి. రెండు నెలల కిందట ఆయన కూడలిలో ఎర్ర దీపం చూసి బస్సు ఆపాడు. పచ్చ దీపం వెలిగినా కదల్లేదు. ముప్పై మంది ప్రయాణికుల ముందు గురక పెడుతున్నాడు. అప్పటి నుంచి ఆయనకు పగటి ట్రిప్పులే. ముప్పై రాత్రులు మిషను పెట్టుకుని పడుకున్నట్టు అందులో నమోదై ఉంటే బస్సు ఆయనదే, లేదంటే తాళాలు ఇచ్చేయాలి. ముప్పయ్యో రాత్రి నిన్నటితో పూర్తయింది. ఈ పొద్దున ఏడింటికి మిషను తెర నల్లబడి, ఎర్ర దీపం వెలిగింది. నెలలో ఇది నాలుగోసారి.

"డేలియోను పిలువమ్మా," అన్నాడు ఎవారిస్తో. పళ్లెంలో అరటికాయ ముద్ద ముట్టుకోలేదు.

వెనక వీధిలో ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు బాగుచేసే డేలియో వచ్చాడు. మొదటిసారి కరెంటు కోతల్ని అనుమానించి బ్యాటరీ మార్పించాడు. రెండోసారి చీమల్ని, మూడోసారి గొట్టాన్ని అనుమానించాడు. ఈసారి గాలికి తడి పట్టించే నీళ్ల డబ్బా తీసి, దాని కింద రేకు మీద పేరుకున్న తెల్లటి పొరను గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాడు.

"ఉప్పు. ఇందులో నీళ్లు ఎవరు పోస్తారు?"

అందరూ యనెల్ వైపు చూశారు. రోజూ సాయంత్రం కొన్న నీళ్లు పోసేది ఆ పిల్లే.

"ఏ నీళ్లు పోశావే?" అన్నాడు తండ్రి.

"కొన్నవే నాన్నా."

"సముద్రం దగ్గర కొన్నావా?" అన్నాడు డేలియో.

యనెల్ తల దించుకుంది. ఆమెకు తెలుసు. మంగళవారం నాడు వంటింటి కిటికీలోంచి చూసింది. కానీ నానమ్మ జపమాల తిప్పుతూనే, వద్దన్నట్టు ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చిన్నపిల్ల, పొరపాటు పడి ఉంటుంది. వదిలెయ్ నాయనా," అంది దోన్యా కాసిల్దా ఎంతో దయగా.

డేలియో రేకును వెనిగర్‌తో రుద్ది, ఆరబెట్టి, బిగించాడు. తొమ్మిదింపావుకు తెర వెలిగింది. ఎవారిస్తో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"ఆగండి," అన్నాడు డేలియో, తెర మీద వేలితో జరుపుతూ. "రాత్రులన్నీ ఉన్నాయి. కానీ రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కూడా ఉంది. ఆ టైములో మీరెక్కడుంటారు?"

"బస్సు నడుపుతూ ఉంటాను."

"ఇది చూస్తే నిద్రపోతున్నారు."

ఎవారిస్తో మంచం మీద కూలబడ్డాడు. డాక్టరు ఈ మాట చదివితే బస్సు కాదు కదా, సైకిలు కూడా తొక్కనివ్వరు.

"బడి పన్నెండింటికే వదులుతారు కదూ," అన్నాడు మెల్లగా, కూతురి కళ్లలోకి చూస్తూ. "దీంతో ఆడుకున్నావా యనెల్?"

మోచెయ్యి మీద నానమ్మ పట్టు ఇంకా బిగిసింది. యనెల్ చెయ్యి విడిపించుకుంది.

"నానమ్మా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

జపమాల ఆగింది.

"ఎక్కడి గాలో ఏమో, రాత్రంతా నా బిడ్డ గుండెలోకి పోతోంది," అంది దోన్యా కాసిల్దా. "పొద్దుగూకాక అందులో కాస్త దీవించిన నీళ్లు కలిపాను. తప్పా?"

"మన ఫాదర్ ఆ నీళ్లలో గుప్పెడు ఉప్పు వేసి దీవిస్తారు," అన్నాడు డేలియో నీరసంగా. "మరి మధ్యాహ్నం?"

"రుచి చూడకుండా బిడ్డకు ఏ తల్లి పెడుతుంది? నేనూ పెట్టుకుని చూశాను."

"రోజూ రెండు గంటలా అమ్మా?" అన్నాడు ఎవారిస్తో.

"కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను."

ఇక ఒకటే దారి. మధ్యాహ్నాలు పడుకున్నది ఎవరో, ఎందుకో కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపాలి. చేతిరాత బాగుంటుందని యనెల్‌ను కూర్చోబెట్టారు. ఎందుకో రాయాలంటే గురక మాట రాయక తప్పదు. ముసలావిడ ముఖం పాలిపోయింది. ఈ ఇంట్లో గురక పెట్టింది చనిపోయిన మొగుడేనని యాభై ఏళ్లుగా వీధి వీధంతా చెప్పుకొచ్చింది.

"అప్పుడప్పుడు ఊపిరి కాస్త గట్టిగా తీస్తానని రాయవే," అంది.

యనెల్ 'గురక' అని రాసింది. దోన్యా కాసిల్దా కొడుకు ముఖం చూసింది, కాగితం చూసింది, సంతకం పెట్టింది.

పదకొండున్నరకు ఎవారిస్తో ఫోన్ చేశాడు. తాళాలు ఆయన దగ్గరే ఉంచారు. ఉత్తరం రెండుసార్లు చదివిన డాక్టరు, సోమవారం ఆమెను కూడా తీసుకురమ్మన్నారు.

యనెల్ ఆ సంగతి చెప్పడానికి రెండింటికి నానమ్మ గది గుమ్మంలో నిలబడింది.

"అది బిడ్డ బస్సు కోసం పెట్టిన సంతకం," అంది దోన్యా కాసిల్దా. "నేను గురక పెట్టను. పైగా ఇదంతా నీ నోటుపుస్తకంలోకి ఎక్కించకు."

ఆ పిల్ల ముఖం మీదే తలుపు మూసింది.

అయిదు నిమిషాల్లో తలుపు గొళ్లెం అదరడం మొదలైంది.