గుడ్లగూబ భద్రపరచడమైనది

లోకంలో జరిగే మోసాలన్నింటికీ మూలకారణం ఒక్కటే, సరైన సమయంలో సరైన ఫారం నింపకపోవడం. ఈ సత్యాన్ని అమ్మమ్మ రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్పైనాలుగేళ్లు పనిచేసి కనుక్కుంది. (మనిషి ఆశ వల్ల మోసపోతాడని అంతకుముందు కొందరు పెద్దలు చెప్పేవారు. వాళ్లెవరూ ఆఫీసులో పనిచేసినవాళ్లు కాదు.)

ఏదో ఒక లోపం చూపించి వచ్చిన కాగితాన్ని వచ్చిన దారినే వెనక్కి పంపడాన్ని ఆఫీసు భాషలో కొర్రీ వేయడం అంటారు. ఆ విద్యలో అమ్మమ్మను మించినవారు లేరు. చెల్లెలి పెళ్లి శుభలేఖకు కూడా, ముహూర్తం అంకెల్లో ఉంది గాని అక్షరాల్లో లేదని కొర్రీ వేసిన మనిషి. కొర్రీకి తావివ్వని కాగితం తన సర్వీసు మొత్తంలో ఒక్కటీ కంటబడలేదని ఆమె గర్వంగానూ, కొంచెం దిగులుగానూ చెప్పుకునేది.

రిటైరై కూతురింటికి వచ్చాక మొదటి ఏడాది ఈ జ్ఞానమంతా మూలన పడి ఉంది. వంటింటి డబ్బాలకు నంబర్లు వేసింది. అల్లుడు గొడుగు పట్టుకెళ్తుంటే రిజిస్టరులో సంతకం చేయించుకుంది. (గొడుగు తిరిగి రాలేదు. సంతకం మాత్రం భద్రంగా ఉంది.)

అటువంటి రోజుల్లో ఒక ఆదివారం సాయంత్రం మనవరాలు బాత్రూములో పంపు విప్పుకుని ఏడ్చింది.

మనవరాలికి పన్నెండేళ్లు. ఇంట్లోనూ ఆటలోనూ పిలుపు పేరు పిడుగు. ఆట పేరు మబ్బుల రాజ్యం. ఫోన్లో ఆడతారు. దేశదేశాల వాళ్లు అందులో కత్తులు, మూలికలు, పెంపుడు జంతువులు సంపాదించుకుని ఒకరితో ఒకరు మార్చుకుంటారు. పిడుగు దగ్గర పచ్చరాళ్ల తాబేలు ఒకటి ఉండేది. ముక్కూమొహం తెలియని ఒకడు వచ్చి, ‘ముందు నీ తాబేలు నా చేతికియ్యి, వెంటనే రెండు తాబేళ్లు ఇస్తా’ అన్నాడు. ఇచ్చింది. వాడు వెంటనే వెళ్లిపోయాడు.

“రశీదేదీ?” అంది అమ్మమ్మ, తలుపు బయట నిలబడి.

“ఆటలో రశీదులుండవు అమ్మమ్మా.”

“సాక్షులు?”

“ఉండరు.”

ఇంటికి పునాది లేదని ఇప్పుడే తెలిసినట్టు అమ్మమ్మ గోడకు చెయ్యి ఆనించింది.

“తప్పు నాదే. మార్పిడి పెట్టె అని ఒకటుంటుంది. ఇద్దరం మన వస్తువులు అందులో పెట్టి, ఒకరివి ఒకరం చూసుకుని, ఇద్దరం ‘సరే’ నొక్కితేనే మారతాయి. పెట్టె బయట ఎవరికీ ఏమీ ఇవ్వొద్దని ఆటవాళ్లు చెప్తూనే ఉంటారు. నేనే వినలేదు. ఇంకెప్పుడూ పెట్టె బయట ఇవ్వను” అని పిడుగు ముక్కు తుడుచుకుంది.

సమస్య అక్కడితో తీరిపోయింది. తీరిపోయిన సమస్యను అలా వదిలేసే అలవాటు అమ్మమ్మకు లేదు.

“రెండు నొక్కులా! సంతకం లేకుండా, తేదీ లేకుండా, వేలిముద్ర లేకుండా రెండు నొక్కులతో ఆస్తి చేతులు మారిపోవడమా! అందుకే ఇలా తగలడింది లోకం. నా ఫోనులో కూడా ఆ ఆట పెట్టు” అంది.

ఆ విధంగా అమ్మమ్మ మబ్బుల రాజ్యంలో ప్రవేశించింది. నలభై దాటిన మనుషుల బొమ్మలు ఆటలో లేకపోవడం వల్ల, కొమ్ముల టోపీ, భుజాన గండ్రగొడ్డలి ఉన్న ఒక యోధుడి రూపాన్ని ఎంచుకోవలసి వచ్చింది. పిడుగు ఉండే దండులో నలభై ముగ్గురు సభ్యులు. ఆ నెలలో వాళ్లలో ఇద్దరు మోసపోయి ఉన్నారు కాబట్టి, అనుభవం ఉన్న పెద్దావిడ వచ్చి పద్ధతి పెడతానంటే అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు. (తర్వాత ఎవరూ దీన్ని ఒప్పుకోలేదు.)

సంతవీధి మధ్యలో బల్లలాంటి బండ ఒకటి చూసుకుని అమ్మమ్మ దాని వెనక కూర్చుంది. పనివేళలు పదిన్నర నుంచి అయిదు. ఒంటిగంట నుంచి రెండు వరకు భోజన విరామం, అది రెండూ నలభైకి ముగుస్తుంది. ఇక ఇంట్లో భోజనాల బల్ల మీద రిజిస్టరు, దారంతో కుట్టిన ఫైళ్లు, ‘పరిశీలించడమైనది’ అని కొత్తగా చేయించిన రబ్బరు స్టాంపు వెలిశాయి. ఇంటిల్లిపాదీ ఒళ్లో కంచాలు పెట్టుకుని తినడం మొదలుపెట్టారు.

మార్పిడి కావలసినవారు ఫారం ఒకటి నింపి, ఫోటో తీసి పంపాలి. ఫారం రెండు గుర్తింపు కోసం. అందులో అంటించే బొమ్మలో రెండు చెవులూ స్పష్టంగా కనబడాలి. (దండులో పదకొండుమంది నక్కలు. వాళ్లకు ఇబ్బంది రాలేదు. చేపగా ఆడుతున్న దంతవైద్యుడికి వచ్చింది.) ఫారం మూడులో ఇద్దరు సాక్షులు. వాళ్లు ఇరుపక్షాలనూ బాగా ఎరిగినవారై ఉండాలి, ఇరుపక్షాలతో ఏ సంబంధమూ లేనివారై ఉండాలి. ఫారం నాలుగు, అభ్యంతరాలు లేవన్న పత్రం, వారం రోజుల ప్రకటన తర్వాత. ఫారం అయిదు, ‘నేను మోసగాణ్ణి కాను’ అన్న ప్రమాణం. మోసగాళ్ల సౌకర్యం కోసం అయిదు-బి కూడా అచ్చువేయించింది. ఆ ఫారం ఎవరూ అడగలేదు. దీన్నిబట్టి దండులో మోసగాళ్లు లేరని అమ్మమ్మ లిఖితపూర్వకంగా తేల్చింది.

సింహబలుడని ఒకాయన ఉండేవాడు. బయట లిఫ్టులు బాగుచేస్తాడు, లోపల డ్రాగన్ మీద తిరుగుతాడు. ఆయన తన కత్తి ఇచ్చి ప్రాణమూలిక తీసుకుందామని దరఖాస్తు పెట్టుకున్నాడు. డ్రాగన్ను పక్కన కట్టేసి వరసలో నిలబడ్డాడు. మూడోసారి వచ్చేసరికి ఆయన స్వరం మారిపోయింది.

“మేడమ్, ఆ మూలిక గాయానికి. నేను పోయి తొమ్మిది రోజులైంది.”

“అయ్యో పాపం. మరి దరఖాస్తుదారుడు బతికి ఉన్నట్టు ధ్రువపత్రం జతపరిచారా?” అంది అమ్మమ్మ.

“నేనే మాట్లాడుతున్నా కదండీ.”

“మాటలు ఫైల్లో పెట్టలేం కదా బాబూ.”

ఫారం ఆరు అలా పుట్టింది.

నెల తిరిగేసరికి ఫలితాలు అద్భుతంగా ఉన్నాయి. దండులో మోసాలు పూర్తిగా ఆగిపోయాయి. (మార్పిడులు కూడా ఆగిపోయాయి. అది వేరే శాఖ చూసుకోవలసిన విషయం.) అయినా అమ్మమ్మ మనసుకు ఒక వెలితి. పరిశీలన జరుగుతున్నన్ని రోజులూ ఆ వస్తువులు జనం దగ్గరే ఉంటున్నాయి. జనాన్ని నమ్మడమెలా? వాటిని ఒక నిష్పాక్షికుడైన భద్రాధికారి దగ్గర దాచి ఉంచాలని పదకొండో నిబంధన రాసి, ఆ పదవికి ఫారం ఏడు మీద దరఖాస్తులు పిలిచింది.

నాలుగు వచ్చాయి. ఒకదాంట్లో కొట్టివేత ఉంది. ఒకదానికి తేదీ లేదు. సింహబలుడు దరఖాస్తుకు బదులు దణ్ణం బొమ్మ పంపాడు. నాలుగోది నమ్మకస్తుడు_07 అనే ఆయనది. (ముందు ఆరుగురు నమ్మకస్తులు ఏమయ్యారన్న గడి ఫారంలో లేదు.)

అమ్మమ్మ ఆ కాగితం చూసి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. ముత్యాల్లాంటి అక్షరాలు. ఎడమ పక్క రెండు వేళ్ల ఖాళీ అంచు. ప్రతి పేజీకీ నంబరు. జతపరచినవాటి జాబితా, ఆ జాబితాకు మళ్లీ సంతకం. అన్నిటికన్నా మించి, ‘కార్యాలయ ఉపయోగం కోసం మాత్రమే’ అన్న గడిని ఖాళీగా వదిలేశాడు. ముప్పైనాలుగేళ్లుగా జనం అందులో తమ ఫోన్ నంబరు రాస్తూ వచ్చారు.

“వాడు దండులో చేరి నాలుగు రోజులే అయింది. ఎవరో ఏమిటో ఎవరికీ తెలీదు” అంది పిడుగు.

“తెలీకపోవడమేమిటే? అంతా రాసిచ్చాడు. చదువు.”

“రాసిచ్చింది వాడే కదా అమ్మమ్మా!”

“మరి ఇంకెవరు రాయాలి? స్వదస్తూరితోనే రాయాలని నిబంధన.”

అమ్మమ్మ నియామకపత్రం మీద స్టాంపు వేసింది.

ఆయన పదవి స్వీకరించిన రోజునే చిక్కొచ్చింది. ఎవరూ వస్తువులు తెచ్చి పెట్టలేదు. తన ఇంటివాళ్లే ముందుకు రాకపోతే జనం ఎలా వస్తారని అమ్మమ్మ ఆలోచించింది. ఆలోచించి, పిడుగు గుడ్లగూబ వైపు చూసింది.

ఆ వెండి గుడ్లగూబ గుడ్డుగా ఉన్నప్పటినుంచి పిడుగుదే. పదకొండు నెలలు పెంచింది. దానికి రోజూ ఒక ఎలుక పెట్టాలి, ఒక్కరోజు తప్పినా ఈకలు రాలిపోతాయి. జ్వరమొచ్చిన రోజున కళ్లు మూతలు పడుతుంటే పెట్టింది. పరీక్షల్లో పెట్టింది. తాబేలు పోయిన ఆదివారం, బాత్రూములోంచి ఉబ్బిన మొహంతో వచ్చి ముందు దానికే పెట్టింది. ఆటలో దాన్ని దేనికీ మార్చుకోనని, అది మార్పిడి వస్తువు కాదని అందరికీ చెప్పుకునేది.

“పేరుకే. నువ్వు పెడితే అందరూ పెడతారు. శనివారం తిరిగొచ్చేస్తుంది” అంది అమ్మమ్మ.

“రాకపోతే?”

“నేనున్నాగా.”

పిడుగు చాలాసేపు అమ్మమ్మ మొహంలోకి చూసింది. తర్వాత గుడ్లగూబను మార్పిడి పెట్టె బయట, చేతులారా భద్రాధికారికి అప్పగించింది. అప్పగింతల కోసం పెట్టిన ఫారం ఎనిమిదికి చిన్న చీటీ జతచేసింది. ‘రోజూ ఒక ఎలుక. మధ్యాహ్నం లోపు పెట్టాలి. పేరు పెట్టి పిలిస్తే కళ్లు తిప్పుతుంది. పేరు లాంతరు.’ అమ్మమ్మ దాని మీద స్టాంపు వేసి, ‘గుడ్లగూబ ఒకటి, భద్రపరచడమైనది’ అని రాసి రశీదు ఇచ్చింది. చూసినవాళ్లకు ధైర్యం వచ్చింది. బుధవారానికి దండులోని నలభై ముగ్గురూ తమ దగ్గరున్న మంచివన్నీ తెచ్చి పెట్టేశారు.

గురువారం భద్రాధికారి ఒకరోజు సెలవుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. కారణం గడిలో ‘ఇల్లు మారుతున్నాను. సామాను సర్దుకోవాలి’ అని రాశాడు. అంచు సరిగ్గా ఉంది. అమ్మమ్మ నాలుగు నిమిషాల్లో మంజూరు చేసింది. ఆఫీసుల చరిత్రలో ఇంత వేగంగా సెలవు మంజూరైన సందర్భం మరొకటి లేదని ఆమె రిజిస్టరులో కూడా రాసుకుంది.

శనివారం పొద్దున్న సభ్యుల జాబితాలో నమ్మకస్తుడు_07 అనే పేరు లేదు.

“సెలవు నిన్నటితోనే అయిపోయింది. ఇవాళ్టిది అనుమతి లేని గైర్హాజరు” అంటూ అమ్మమ్మ మొదటి మెమో పంపింది. అది వెళ్లలేదు. పదకొండు గంటలకు రెండో మెమో. అదీ వెళ్లలేదు.

“వాడు రాడు అమ్మమ్మా” అంది పిడుగు. ఏడవలేదు. ఎందుకో ఏడిస్తే బాగుండుననిపించింది అమ్మమ్మకు.

మూడో మెమో సగం రాసి కలం పక్కన పెట్టింది. ఆటవాళ్లకు ఫిర్యాదు చేశారు. రెండు లైన్ల జవాబు వచ్చింది. ‘మార్పిడి పెట్టె బయట మీరు ఇష్టపూర్తిగా ఇచ్చిన వస్తువులకు మా బాధ్యత లేదు. పెట్టెను వాడండి.’ ఆ ఉత్తరానికి నంబరు లేదు, సంతకం లేదు, తేదీ లేదు. కొర్రీ వేద్దామని స్టాంపు అందుకుని, మళ్లీ పెట్టేసింది. అందులో ఉన్న మాట ఆ రోజు బాత్రూము తలుపు దగ్గర పిల్ల చెప్పిందే.

వంటింట్లోంచి కూతురు వచ్చి నిలబడింది. “అమ్మా, అది దాన్ని పదకొండు నెలలు పెంచింది” అని మాత్రం అని, లోపలికి వెళ్లిపోయింది. దండులో మిగతావాళ్లు అనవలసినవన్నీ అన్నారు. సింహబలుడు ఒక్కడే, తాను ఎలాగూ పోయి ఉన్నాను కాబట్టి తనకు నష్టమేమీ లేదని ఓదార్చాడు.

ఫారం తొమ్మిది ఒకటుంది, మోసంపై ఫిర్యాదు. అవసరం రాదని తెలిసినా వరస పూర్తి కావాలని అమ్మమ్మ అచ్చువేయించింది. మధ్యాహ్నం భోజన విరామం ముగిశాక, సరిగ్గా రెండూ నలభైకి, పిడుగు ఆ ఫారం నింపి తెచ్చి భోజనాల బల్ల మీద అమ్మమ్మ ముందు పెట్టి ఎదురుగా నిలబడింది. వరసలో నిలబడ్డట్టే నిలబడింది.

అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది. కొట్టివేతలు లేవు. అంచు రెండు వేళ్లు. తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంది. కార్యాలయ ఉపయోగం గడి ఖాళీగా ఉంది.

పోయిన వస్తువు: లాంతరు.

తీసుకున్నవారు: తెలీదు.

ఎవరి హామీ మీద ఇచ్చారు: అమ్మమ్మ.

ఇతర వివరాలు: ఇవాళ ఎలుక పెట్టారో లేదో తెలీదు.

అమ్మమ్మ కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చూసింది. వెనక్కి తిప్పి చూసింది. మళ్లీ మొదటి గడి నుంచి ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి చదివింది.

కొర్రీ వేయడానికి ఏమీ దొరకలేదు.