నాకు గ్యాస్ లేదు, నీకుంటే తీసుకో

అయ్యా, అమ్మా! ఈ మాట రాసిపెట్టుకోండి. బెంగళూరులో ముసలివాళ్లకు డాక్టర్లు అక్కర్లేదు. పార్కు బెంచీ చాలు!

సర్జాపుర రోడ్డులో మా అపార్ట్‌మెంటు పార్కులో పొద్దున వాకింగ్ అయ్యాక ఆరుగురం బెంచీ మీద చేరతాం. ఒక్కొక్కరికి ఒక్కో మాత్రల డబ్బా. ఆ మందులతో మూడు తాలూకాలకు వైద్యం చెయ్యొచ్చు! మా బెంచీ కింద పడుకున్న కుక్కకు బీపీ తగ్గిందంటే నమ్మండి.

మూడు నెలల కిందట నా గుండెకు స్టెంట్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా రెండు మాత్రలు, పరగడుపున మింగమని ఇంకో చిన్నది ఇచ్చారు. మందుల షాపతను "అది గ్యాస్‌కు" అన్నాడు. నాకు గ్యాసా? బళ్లో పందెం కట్టి గంపెడు చెనక్కాయలు తిని, ఒక్క తేన్పు లేకుండా పదమూడో ఎక్కం అప్పజెప్పిన కడుపండీ ఇది!

మా బెంచీ నరసింహప్ప అలా కాదు. అతను తేన్చితే నాలుగో అంతస్తు పావురాలు లేచిపోతాయి. "నాకు గ్యాస్ లేదు, నీకుంటే తీసుకో" అని నా చిన్న మాత్రలన్నీ అతనికి దానం చేశాను.

అతను మాత్రం ఊరికే తీసుకుంటాడా? "మోకాళ్లు పట్టుకోని నడస్తాండావు గదప్పా! ఇదో, నా నొప్పుల మాత్రలు. పూటకొకటి మింగు, బస్సెనకాల పరిగెత్తుతావు!" అని నా జేబులో పెట్టాడు. ఎంత మర్యాద! ఫీజుందా? టోకెనుందా?

పది రోజులు నిజంగానే పరిగెత్తాను. పదకొండో రోజు బాత్‌రూముకు పరిగెత్తాను. చూస్తే నల్లగా, జిగటగా తారు! మా రోడ్డు గుంతలకు ఏళ్ల తరబడి దొరకని తారు నా కడుపులో దొరికింది! కార్పొరేషన్‌కు కబురు పెట్టేలోపే కళ్లు తిరిగాయి.

పక్క ఫ్లాటు ప్రిస్కిల్లా నర్సు. వచ్చి నా కింది కనురెప్ప లాగి చూసింది. "మోషన్ ఏ రంగులో వచ్చింది తాతగారూ?"

ఆడపిల్లకు ఎలా చెప్పను?

"సిగ్గు తర్వాత పడుదురుగానీ, ముందు చెప్పండి!"

చెప్పాను, మాత్రల మార్పిడి సంగతితో సహా. వెంటనే ఆటో ఎక్కించింది. దారిలో సిగ్నల్ పడింది. "ఆ చిన్న మాత్ర మీ గ్యాస్‌కు కాదండీ. రక్తం పలచన చేసే మందులు వాడుతుంటే కడుపులో పుండు పడి రక్తం కారొచ్చు. అలా కాకుండా అది కాపలా. కాపలావాణ్ణి పంపేసి, నొప్పుల మాత్రతో దొంగను పిలిచారు!" ఎర్రదీపం పచ్చగా మారేలోపు మొత్తం చెప్పేసింది.

రెండు సీసాల రక్తం ఎక్కాక లేచి కూర్చున్నాను. నరసింహప్ప చూడ్డానికొచ్చి, చెవిలో అడిగాడు: "నీ మాత్ర బలే పనిచేసిందప్పా. ఇంకో పట్టీ ఉండాదా?"

అతన్ని ఏమనగలను? స్టెంట్ వేసి ఇంటికి పంపిన రోజు ఆ పెద్ద ఆస్పత్రివాళ్లు నాకు చాలా చెప్పారు. కారు ఎక్కడాపాలో, క్యాంటీన్లో ఏం బాగుంటుందో చెప్పారు. యాప్‌లో అయిదు స్టార్లు ఎలా ఇవ్వాలో నా వేలు పట్టుకుని పావుగంట నేర్పారు. ఆ చిన్న మాత్ర ఎందుకో చెప్పడానికే, పాపం, ఒక్క సిగ్నలంత తీరిక దొరకలేదు.

స్టార్లు ఆ రోజే ఇచ్చేశాను. వెనక్కి ఎలా తీసుకోవాలో కూడా వాళ్లు నేర్పలేదు!