ఎమ్మెల్యే గారి నడుము, బీరమ్మ మంగళవారం

“గుండ్లపురం నియోజకవర్గంల పుట్టిన ఏ బిడ్డ గూడా ఇగ చికిత్సకు హైదరాబాద్ బస్సు ఎక్కద్దు. ఎక్కనియ్య! ఎక్కితే ఆ బస్సుకు నేను అడ్డం పండుకుంట!”

ఎమ్మెల్యే రఘుపతిగారు మైకులో ఇలా ప్రకటించగానే సభ చప్పట్లతో మోగిపోయింది. మూడో వరుసలో నాలుగేళ్ల కూతురిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పుష్ప కూడా చప్పట్లు కొట్టింది. ఒక చేయి పిల్లను పట్టుకోవడానికే సరిపోయింది కనుక రెండో చేత్తో తన తొడ మీదే కొట్టుకుంది.

పిల్ల పేరు బీరమ్మ. తన తల్లి పేరే మనవరాలికి పెట్టాలని అత్త రామమ్మ పట్టుబట్టి పెట్టించింది. బీరమ్మ పుట్టగానే ఏడవలేదు. మెదడుకు కాసేపు గాలి అందలేదన్నారు. ఏడాది నిండాక డాక్టర్లు ‘సెరిబ్రల్ పాల్సీ’ అని కాగితం మీద రాసిచ్చారు. బీరమ్మకు అన్నీ అర్థమవుతాయి, నచ్చనిది ఎవరైనా చెబితే అస్సలు అర్థం కాదు. కాళ్లు మాత్రం కత్తెరలా బిగుసుకుపోతాయి. మడమలు నేలకు ఆనవు. మాటలు నాలుగైదు. వాటిలో గట్టిగా వచ్చేది “లే!”

ఈ నాలుగేళ్లలో పుష్ప తిరగని దవాఖాన లేదు. నరాల డాక్టరు ఒక వారం, ఎముకల డాక్టరు ఒక వారం, కళ్ల డాక్టరు నెలకోసారి, కాళ్లకు తొడిగే ప్లాస్టిక్ బూట్ల కొలతలు తీసే ఆయన ఆయనకు కుదిరినప్పుడు. భర్త పరమేష్ గొర్రెల వెంట గడ్డి ఎక్కడుంటే అక్కడుంటాడు. కాబట్టి పుష్ప ఒక్కతే పిల్లను చంకనేసుకుని, కట్టంగూరు దగ్గర హైవే మీద మొదటి బస్సు పట్టుకుని హైదరాబాద్ పోయేది. పొద్దంతా టోకెన్ పట్టుకుని కూర్చుంటే పదిహేను నిమిషాలు ఎక్సర్‌సైజ్ చేయించేవారు. “వారానికి రెండుసార్లు చేయించాలమ్మా. గ్యాప్ ఇస్తే కాళ్లు ఇంకా బిగుసుకుంటయి, తర్వాత ఆపరేషనే” అని అక్కడి డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి పుష్పకు మంగళవారం, శుక్రవారం తప్ప మిగతా వారాలు గుర్తుండటం మానేశాయి.

అలాంటి పుష్పకు పక్క పట్టణంలోనే ‘చిన్నారుల చికిత్సా కేంద్రం’ వస్తోందంటే అంతకన్నా ఏం కావాలి?

ప్రసంగం ముగించి ఎమ్మెల్యే గారు రిబ్బన్ కత్తిరించడానికి కదిలారు. పిల్లల కేంద్రం కదా అని అధికారులెవరో బాగా ఆలోచించి, రిబ్బన్‌ను పిల్లల ఎత్తుకు, అంటే మోకాలి కిందికి కట్టించారు. రఘుపతిగారు వంగారు. కత్తిరించారు. అలాగే ఉండిపోయారు.

“సార్ ఈ మట్టికి మొక్కుతున్నడు!” అని పీఏ విజేందర్ మైకులో అరిచాడు. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. ఆ మొక్కు రెండు నిమిషాలు సాగింది. మూడో నిమిషంలో “అమ్మా... నడుము...” అని సన్నగా వినబడింది.

ఆ రోజే ఉద్యోగంలో చేరిన ఫిజియోథెరపిస్టు గ్రేస్ మేడం పరుగున వచ్చి, ఎక్కడో పట్టి, ఎక్కడో నొక్కి, ఎమ్మెల్యే గారిని నిటారుగా నిలబెట్టింది. పన్నెండేళ్ల రాజకీయ జీవితంలో అంత నిటారుగా ఆయన ఎప్పుడూ నిలబడలేదని కార్యకర్తలు ఈనాటికీ చెప్పుకుంటారు.

మంగళవారం పుష్ప తొమ్మిదింటికే కేంద్రానికి చేరింది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల పిల్లల ఎక్సర్‌సైజ్ కోసం తెచ్చిన పెద్ద నీలం బంతి మీద అటెండర్ బక్కయ్య కూర్చుని మెల్లగా ఊగుతున్నాడు.

“మేడం లేదా, అన్నా?”

“డిప్యుటేషన్ మీద పోయింది, చెల్లే.”

“ఏడికి?”

“ఎమ్మెల్యే సార్ నడుము కాడికి.”

“మల్ల ఎప్పుడొస్తది?”

“నడుము ఎప్పుడు పొమ్మంటే అప్పుడు. ఆర్డర్ల గట్లనే రాసిండ్రు. జర ఓపిక వట్టు.”

పుష్ప శుక్రవారం వచ్చింది. మళ్లీ మంగళవారం వచ్చింది. వచ్చినప్పుడల్లా బక్కయ్య దవాఖానా పెద్ద డాక్టరులా గంభీరంగా నడుము సమాచారం చెప్పేవాడు. “నిన్న కుడిదిక్కు తిరిగిండంట. ఎడమదిక్కు ఇంక హైకమాండ్ లెక్క ఉన్నది, తిరుగుతలేదు.”

మూడో వారం వెళ్లేసరికి బక్కయ్య మామూలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముఖం దిగాలుగా ఉంది.

“బంతేమాయె, అన్నా?”

“అది గూడా డిప్యుటేషన్ మీద పోయింది. చాపలు నిన్ననే వోయినయి. పట్టుకొని నడిచే కట్టెలు పొద్దుగాల వోయినయి. నేనొక్కణ్నే మిగిలిన. నన్నెవ్వరు అడుగుతలేరు.”

ఆ రోజు ఇంటికొచ్చి పుష్ప పిల్ల కాళ్లకు ప్లాస్టిక్ బూట్లు తొడగబోయింది. మడమ లోపలికి దిగలేదు. పోయిన నెల దిగిన బూటే. మెల్లగా ఒత్తి చూసింది. బీరమ్మ ఏడ్చింది. పుష్ప బూటు పక్కన పెట్టి చాలాసేపు పిల్ల కాలిని చేతుల్లో పట్టుకుని కూర్చుంది. ఇంట్లో తనకు తెలిసిన ఎక్సర్‌సైజ్‌లన్నీ రోజూ చేయిస్తూనే ఉంది. తనకు తెలియనివే ఆ కాలికి కావాలి.

శుక్రవారం ఆమె కేంద్రానికి పోలేదు. పిల్లను ఎత్తుకుని తిన్నగా ఎమ్మెల్యే గారింటికే పోయింది.

గేటు దగ్గర విజేందర్ బల్ల వేసుకుని చీటీలు రాస్తున్నాడు. “పేరు?”

“బీరమ్మ.”

“వయసు?”

“నాలుగేండ్లు.”

విజేందర్ తల ఎత్తకుండానే నవ్వాడు. బీరమ్మ అనే పేరుకు అంత తక్కువ వయసు ఉండదని అనుభవజ్ఞుడైన ఆయనకు తెలుసు. డెబ్భై నాలుగు అని దిద్దుకుని, ‘వృద్ధురాలు, వెంటనే లోపలికి పంపగలరు’ అని రాసి సంతకం పెట్టాడు. గేటు దగ్గరి పోలీసు చీటీ చూసి, పిల్లను చూసి, మళ్లీ చీటీ చూశాడు. చీటీ మీద సంతకం ఉంది, పిల్ల మీద లేదు. లోపలికి పంపాడు.

హాలు మధ్యలో చాప మీద శాసనసభ్యులు వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుము పైకెత్తి ఉన్నారు. చుట్టూ పదిమంది కార్యకర్తలు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. గ్రేస్ మేడం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది.

“దీన్ని బ్రిడ్జి అంటరు సార్. పది లెక్కబెట్టేదాక దించొద్దు.”

“ఒకటి, రెండు, ఏడు, పది” అని రఘుపతిగారు దించేశారు. కార్యకర్తలు చప్పట్లు కొట్టారు. ఓట్ల లెక్కింపు తప్ప మరే లెక్కలోనూ ఆయనకు ఓపిక లేదు.

పుష్ప ఎవరినీ ఏమీ అడగలేదు. ఆయన పక్కనే ఖాళీగా ఉన్న చాప మీద బీరమ్మను పడుకోబెట్టింది. “మేడం, మాది మంగళవారం, శుక్రవారం. మూడు వారాల సంది బాకీ వడ్డది. బూటు ఎక్కుతలేదు.”

గ్రేస్ మేడం పిల్ల కాలిని పట్టుకుని చూసింది. ఆమె ముఖం మారింది. ఎమ్మెల్యే గారి వైపు తిరిగి, “సార్, మీరు రెస్ట్ తీసుకోండి” అని, అనుమతి కోసం చూడకుండానే బీరమ్మ పిక్కను మెల్లగా సాగదీయడం మొదలుపెట్టింది.

“ఎవరీ పిల్ల?” అని రఘుపతిగారు పడుకునే అడిగారు.

బీరమ్మ ఆయన వైపు తల తిప్పింది. తన పక్కన అంత పెద్ద మనిషి అలా పడి ఉండటం ఆమె ఇంతవరకు చూడలేదు. బలమంతా కూడదీసుకుని ఆజ్ఞాపించింది. “లే!”

ఎమ్మెల్యే గారు, ఎందుకో, లేచి కూర్చున్నారు.

ఏం జరగబోతోందోనని అందరూ బిగుసుకుపోయి ఉండగా, విజేందర్ ఫోన్ తీసి ఫొటో కొట్టి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. రఘుపతిగారు మళ్లీ పడుకున్నారు. ఈసారి ముఖం కెమెరా వైపు ఉంది.

మర్నాడు పేపర్లో వచ్చింది: ‘చిన్నారి కోసం నేల మీద పడుకున్న నేత’.

పేపర్ చూసి చుట్టుపక్కల ఊళ్ల తల్లులంతా మంగళవారం ఎమ్మెల్యే గారింటికి పిల్లలను ఎత్తుకొచ్చారు. వెనక్కి పంపడానికి వీల్లేదు, అప్పటికే పేపర్లో వచ్చేసింది. హాలులో ఎనిమిది చాపలు పరిచారు, తొమ్మిదోది ఎమ్మెల్యే గారిది. కార్యకర్తలకు గిలక్కాయలు ఊపే డ్యూటీలు వేశారు. గిలక్కాయ దక్కనివాళ్లు అసంతృప్తివాదులుగా మారి వేరే గదిలో సమావేశమయ్యారు.

గ్రేస్ మేడం బాగా చేసిన పిల్లలకు నుదుటి మీద నక్షత్రం స్టిక్కర్ అంటించేది. రెండు వారాలు గడిచాక విజేందర్ ఆమెను పక్కకు పిలిచాడు.

“మేడం, సార్‌కు గూడా ఒక స్టిక్కర్ ఇయ్యరాదు?”

“పది చెయ్యమంటే నాలుగు చేస్తున్నరు కదా.”

“నాకెరుకే. మంత్రి పదవి రాక సార్ మనసు ఇప్పటికే మంచిగ లేదు. గిది గూడ రాకపోతే తట్టుకోలేడు.”

“పది చేస్తేనే” అంది గ్రేస్ మేడం. ఆ ప్రభుత్వంలో షరతు మార్చుకోని ఉద్యోగిని బహుశా ఆమె ఒక్కతే.

ఈ గొడవలన్నిటి మధ్య పుష్ప చూసేది ఒక్క మడమనే. నెలన్నరకు బూటులోకి సగం దిగింది. రెండు నెలలకు పూర్తిగా దిగింది. ఒక శుక్రవారం బీరమ్మ రెండు కట్టెలూ పట్టుకుని, రెండు మడమలూ నేలకు ఆనించి నిలబడింది. “లెక్కబెట్టు బిడ్డా” అంది గ్రేస్ మేడం.

“ఒతతి, లెండు, ఏలు, పది!” అని బీరమ్మ అరిచింది.

ఆ లెక్క ఎవరి దగ్గర నేర్చుకుందో అందరికీ తెలుసు. ఎవరూ నవ్వలేదు, పుష్ప తప్ప. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. రఘుపతిగారు కూడా చాప మీద నుంచి చూసి, నిజంగానే సంతోషపడ్డారు. ఆ పూట ఎవరూ చెప్పకుండానే పది బ్రిడ్జిలు చేసి స్టిక్కర్ సంపాదించి, దాన్ని నుదుట పెట్టుకునే మండల సమీక్షకు వెళ్లారు.

ఇంతలో ప్రతిపక్షం వాళ్లు గొడవ చేశారు. కేంద్రం ఖాళీ, మేడం ఎక్కడ అని. విచారణకు ఒక పెద్దాఫీసరు వచ్చాడు. ఆయన వచ్చిన రోజు మంగళవారం. తొమ్మిది చాపలు నిండుగా ఉన్నాయి. ఆయన రిపోర్టులో, ‘సేవలు కేంద్రంలో కాక ఇంటివద్దనే అందుతున్నవి’ అని రాశాడు. ఎవరి ఇంటివద్ద అనే గడి ఆ ఫారంలో లేదు. దాంతో రాష్ట్రస్థాయిలో ‘ఇంటివద్దకే చికిత్స’ విభాగంలో గుండ్లపురానికి మొదటి బహుమతి వచ్చింది.

హైదరాబాద్‌లో సభ. తల్లులను, పిల్లలను కూడా ఎమ్మెల్యే గారు వెంట తీసుకుపోయారు. వేదిక మీద మంత్రిగారు జ్ఞాపిక ఇవ్వబోతూ కుర్చీలోంచి లేవలేక మోకాలు పట్టుకున్నారు. గ్రేస్ మేడం అలవాటు కొద్దీ ముందుకు పోయి, మోకాలు పట్టి, మెల్లగా చాపి, ఆయనను లేపింది. మంత్రిగారు రెండడుగులు వేసి చూసుకున్నారు. ఇంకో రెండు వేశారు. “ఏ ఊరమ్మా మీది?” అని ఎంతో ఆప్యాయంగా అడిగారు.

రఘుపతిగారి ముఖంలో రక్తం ఇంకిపోవడం మూడో వరుసలో కూర్చున్న పుష్ప స్పష్టంగా చూసింది. తన ముఖం ఆమెకు కనబడలేదు కాని, అదీ అలాగే ఉండి ఉంటుంది.

సోమవారం ఆర్డరు వచ్చింది. గ్రేస్ మేడం ‘రాష్ట్ర స్థాయి సేవలకు’. అదే రోజు మంత్రిగారి ప్రకటన కూడా వచ్చింది: ఇకపై ప్రతి మంగళవారం, శుక్రవారం తన నివాసంలోనే చిన్నారులకు ఉచిత చికిత్స. ఫొటోలో మంత్రిగారు చాప మీద పడుకుని ఉన్నారు.

మంగళవారం తెల్లవారగానే పుష్ప బస్సు కోసం పిల్లను చంకనేసుకుని బయటికి వచ్చింది. ఇంటి ముందు ఎమ్మెల్యే గారి పెద్ద కారు ఆగి ఉంది. వెనక సీట్లో రఘుపతిగారు నడుముకు బెల్టు కట్టుకుని ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉన్నారు.

“ఎక్కు, పుష్పమ్మా. నేను గూడా అటే పోతున్న.”

దారి పొడుగునా ఆయన బీరమ్మతో చాలా మర్యాదగా ఉన్నారు. బిస్కెట్ ఇచ్చారు. ఆమె ఉమ్మేస్తే రుమాలు ఇచ్చారు. కాసేపాగి, “చెల్లే, గేటు కాడ నేను మీ తోటి వచ్చినోణ్ని అని చెప్పరాదు? నాకు నిన్నటి సంది అపాయింట్‌మెంట్ ఇస్తలేరు” అన్నారు. పుష్ప సరేనంది. బస్సులో పోతే బీరమ్మకు అన్ని కుదుపులు ఉంటాయి మరి.

మంత్రిగారి గేటు దగ్గర పోలీసు రిజిస్టర్ తెరిచాడు. “పేషెంటు?”

“బీరమ్మ. నాలుగేండ్లు” అంది పుష్ప.

“వెంట?”

“నేను తల్లిని. సార్ మాతో వచ్చిండు.”

“ఒక్క పేషెంటుకు ఒక్కరే.”

రఘుపతిగారు గొంతు సవరించుకున్నారు. “నేను ఎమ్మెల్యేను, తమ్మీ.”

పోలీసు తల ఎత్తి, ఆయన బెల్టును చూసి, చాలా ఓపికగా గోడ పక్కన బెంచీ చూపించాడు. “ఆడ కూసోండి సార్. పొద్దుగాల నుంచి మీతోటి నాలుగో ఎమ్మెల్యే. అందరు గిట్లనే పిల్లల వెంబడి వచ్చిండ్రు.”

బెంచీ మీద ముగ్గురు పెద్దమనుషులు చేతుల్లో గిలక్కాయలతో కూర్చుని ఉన్నారు. నాలుగో మనిషికి చోటివ్వడానికి, నొప్పికి మూలుగుతూ, కొంచెం కొంచెంగా జరిగారు.

పుష్ప పిల్లను భుజాన వేసుకుని లోపలికి నడిచింది. వెనక నుంచి రఘుపతిగారి గొంతు వినబడింది.

“పుష్పమ్మా! మేడంను జర అడుగు... బ్రిడ్జి పది చెయ్యాల్నా, పదిహేనా?”