సిగ్గు పూసుకుని రావలెను

బుగ్గలకి పూసుకునే ఎర్ర రంగుని మించిన సంక్షేమ పథకం ఈ భూమ్మీద లేదని నా గట్టి నమ్మకం. నవ్వకండి! నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను.

ఆ రంగుని ఒకప్పుడు రూజ్ అనేవారు. ఇప్పుడు బ్లష్ అంటున్నారు. బ్లష్ అంటే ఇంగ్లీషులో అసలు అర్థం సిగ్గుతో బుగ్గలు ఎర్రబడటం. అంటే ఏమిటి? లోపల్నించి రావలసిన సిగ్గు ఇప్పుడు చిన్న డబ్బాలో, మూతకి అద్దంతో, బ్రష్షుతో సహా దొరుకుతోంది! కళ్ళకి పెట్టుకునేదానికి కాటుక అని ముద్దుగా పేరు పెట్టుకున్న మన భాష, ఈ బుగ్గల రంగుని మాత్రం పేరు పెట్టకుండా వదిలేసింది. ఆ లోటు తీర్చిన మహానుభావుడు ఒక షాపు మేనేజరు. ఆయన ఘనత మీకు తెలియాలి.

అది మూడంతస్తుల షాపు. కింద దుప్పట్లు, మధ్యలో తువ్వాళ్ళు, పైన కర్టెన్లు. పై అంతస్తులో పనిచేసే ఆవిడని అందరూ కర్టెన్లక్క అంటారు. రోజంతా నిచ్చెనెక్కి కర్టెన్లు దించడం, కస్టమరు పెదవి విరిచాక మళ్ళీ ఎక్కించడం ఆవిడ పని. ఒకప్పుడు గోడవారగా స్టూళ్ళుండేవి. బేరాలు లేనప్పుడు కాసేపు కూర్చుని కాళ్ళు పిసుక్కునేవాళ్ళు. మేనేజరు వాటిని గోడౌన్లో పడేయించాడు. కూర్చున్న మనిషిని చూస్తే కొనే మనిషికి నీరసం వస్తుందని ఆయన సిద్ధాంతం.

అప్పట్నించి పొద్దువాలేసరికి ఆడవాళ్ళ మొహాలు పిండి ఆరేసిన గుడ్డల్లా తయారయ్యేవి. ఓ సాయంత్రం ఒక మామ్మగారు బేరం మధ్యలో ఆపి కర్టెన్లక్కని ఎగాదిగా చూసింది.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా? మొహంలో నెత్తురు చుక్క లేదు!"

ఆ మాట మేనేజరు చెవిన పడింది. మీరూ నేనూ అయితే ఏం చేస్తాం? స్టూళ్ళు తెప్పిస్తాం. అందుకే మనం మేనేజర్లం కాలేకపోయాం! లోపం ఎక్కడుందో ఆయన ఇట్టే పట్టేశాడు. రంగులో ఉంది!

వెంటనే ఇంగ్లీషులో నోటీసు రాసి, దాన్ని ఫోను చేత తెలుగులోకి మార్పించి, గోడకి అంటించాడు: "రేపటి నుంచి సిబ్బంది అందరూ సిగ్గు పూసుకుని రావలెను. సిగ్గు లేనివారికి ప్రవేశం లేదు."

అందరూ మొహమొహాలు చూసుకుని నోళ్ళు నొక్కుకున్నారు. కర్టెన్లక్క మాత్రం వెళ్ళి పై అంతస్తులోనే ఉన్న మేనేజరు కేబిన్ తలుపు తట్టింది.

"ఇదేంటి సార్?"

"బ్లష్ అమ్మా, బ్లష్! బుగ్గలకి రాసుకుంటారే, అది."

"అందరూ అని ఉంది. మరి మీరు కూడానా సార్?"

"నేను కేబిన్లో ఉంటాను కదమ్మా. నన్నెవరు చూస్తారు?"

నోటీసు మాత్రం మార్చలేదు. తప్పు దిద్దుకోవడమంటే ఆయనకి మహా నామోషీ.

మర్నాడు షాపంతా ఎర్రెర్రగా తెరుచుకుంది. దుప్పట్లావిడ రెండు చెంపలూ వాయించుకుని వచ్చినట్టుంది. తువ్వాళ్ళమ్మాయి బస్సు పోతుందన్న కంగారులో ఒక బుగ్గకే పూసుకుని పరిగెత్తుకొచ్చింది. మేనేజరు ఒక్కొక్కరినీ చూసి మూతి ముడుస్తూ, అందరినీ వెంటేసుకుని పైకొచ్చి, కర్టెన్లక్క ముందు ఆగిపోయాడు.

"అదీ! ఎంత సహజంగా ఉందో చూడండి! ఎంత నంబరమ్మా ఇది?"

"నూట రెండు సార్."

"విన్నారా? రేపట్నించి అందరూ నూట రెండే కొనండి!"

అది షేడు నంబరు కాదు. జ్వరం! ఆ మగతలో, ఎంతుందని అడుగుతున్నాడనుకుంది పాపం. తెల్లార్లూ మూలిగింది. సెలవులేమో అయిపోయాయి. పడుకుంటే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీక మాత్ర మింగి వచ్చేసింది. విషయం చెబుదామని నోరు తెరిచేలోగా మేనేజరు మెచ్చుకోలుగా తలాడిస్తూ కిందికి దిగిపోయాడు.

చూశారా బ్లష్ మహిమ? అలసటైనా, ఆకలైనా, జ్వరమైనా పైకి అంతా నిగనిగలాడే ఆరోగ్యమే! ఇక డాక్టరు దేనికి? సెలవు దేనికి?

మధ్యాహ్నం మామ్మగారు ముందురోజు కొన్న కర్టెన్లు మార్చుకోవడానికి వచ్చింది. కర్టెన్లక్క నిచ్చెన దిగుతూ చివరి మెట్టు దగ్గర తూలింది. మామ్మగారు గబుక్కున పట్టుకుంది.

"ఒళ్ళు పెనంలా కాలిపోతోందే! ముందు ఈ పిల్లని కూర్చోబెట్టండర్రా!"

ఎక్కడ? షాపు మొత్తం మీద కూర్చోడానికున్నది ఒక్కటే. మామ్మగారు కేబిన్ తలుపు తోసి, మేనేజరుని చూసి, "లే నాయనా" అంది. ఆయన లేచాడు. చక్రాలున్న ఆ మెత్తటి కుర్చీ గడగడలాడుతూ కర్టెన్ల మధ్యకి వచ్చింది. కర్టెన్లక్క అందులో కూలబడి కళ్ళు మూసుకుంది.

ఫోను చేస్తే ఆవిడ భర్త డ్యూటీ దిగి వచ్చేసరికి సాయంత్రమైంది. అంతదాకా మేనేజరు నిలబడే ఉన్నాడు. కుర్చీ అడగలేడు, అందరి ముందూ నేల మీద చతికిలబడలేడు. కాసేపు ఈ కాలి మీద, కాసేపు ఆ కాలి మీద, ఆఖరికి గోడకి చేరగిలబడి. మొహం పాలిపోయింది. తువ్వాళ్ళమ్మాయి జాలిపడి డబ్బా తెరిచి ముందుకి చాచింది.

"కొంచెం పూసుకోండి సార్. అందరూ చూస్తున్నారు."

ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడని దుప్పట్లావిడ అంటుంది. అబ్బే, అంత అదృష్టమా అంటారు మిగతావాళ్ళు. ఆ తగువు నాకొద్దు. గోడౌన్ తాళాలు మాత్రం ఆ సాయంత్రమే బయటికొచ్చాయి. స్టూళ్ళ మీది బూజు ఆయనే దగ్గరుండి దులిపించాడు.

కాబట్టి పాఠకులారా, బ్లష్ గొప్ప వరమన్న నా వాదన మీద నేనిప్పటికీ నిలబడే ఉన్నాను. కాకపోతే కాస్త కాళ్ళు నొప్పెడుతున్నాయి!

జ్వరం తగ్గాక వచ్చిన మొదటి సెలవురోజున కర్టెన్లక్క అద్దం ముందు కుర్చీ వేసుకుని, తీరిగ్గా రెండు బుగ్గలకీ రంగు అద్దుకుంది. భర్త వింతగా చూశాడు.

"ఎక్కడికి ప్రయాణం?"

"ఎక్కడికీ లేదు," అంది ఆవిడ, కుర్చీలో ఇంకాస్త వెనక్కి జారి, కాళ్ళు మంచం మీదకి చాపుతూ. "కూర్చుంటున్నా."