ముఖం దాచండి, మెదడు కాపాడండి!

మీ పిల్లలకు చదవడం రావాలనుందా? అయితే ముందు మీ ముఖం వాళ్లకు చూపించడం మానేయండి!

నవ్వకండి, ఇది సైన్సు. పుట్టుకతో మెదడులో అక్షరాలకంటూ వేరే గది ఉండదట. చదవడం నేర్చుకునే కొద్దీ, ముఖాలను గుర్తుపట్టే చోటు పక్కనే అవి కూడా సర్దుకుని కూర్చుంటాయట. మా హన్మకొండలో ఓ కోచింగ్ సెంటర్ మేడమ్ పేరెంట్స్ మీటింగులో ఈ సంగతి చెప్పారు. మా పక్కింటి స్టీలు సామాన్ల వ్యాపారి వీరభద్రం దాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు.

"గీ చుట్టాల మొహాలన్ని పోరి బుర్రల నిండితే, ఏబీసీడీలు ఏడ పడ్తయన్నా?" అన్నాడు నాతో.

ఎంత ముందుచూపు! మర్నాటి నుంచే ఇంటిల్లిపాదికీ మూతికి మాస్కు, మెడలో బోర్డు. డాడీ, మమ్మీ, గ్రాండ్‌మా! ఆరేళ్ల కూతురు తేజస్వి ముఖాలు చూడకూడదు, బోర్డులే చదవాలి.

నర్సంపేట నుంచి వచ్చిన నానమ్మ మొగిలమ్మ ఒప్పుకోలేదు. "మూతి కట్టుకొని కూసునుడేందిరా, నేనేమన్న దొంగనా?" అని కొడుకును తిట్టి, వచ్చిన బస్సుకే వెళ్లిపోయింది. పోనీండి, ఒక ముఖం చోటు మిగిలింది!

ఫలితమా? అద్భుతం! తేజస్వి "డాడీ" అన్న మాటను నిద్రలో లేపి అడిగినా చదివేది. అది చూసి ఆ బడి పిల్లల తండ్రులందరూ అవే బోర్డులు, అవే మాస్కులు తగిలించుకున్నారు.

శుక్రవారం బడి వదిలారు. తేజస్వి గేటు దగ్గర "డాడీ" అని తప్పుల్లేకుండా చదివి, స్కూటర్ ఎక్కింది. ఆ స్కూటర్ బియ్యం వ్యాపారి రాజేశ్వర్ రావుది. ఆయన కూతురు కూడా అంతే చక్కగా చదివి వీరభద్రం బండెక్కింది. ఇద్దరు పిల్లలకూ నూటికి నూరు మార్కులు వేయాలా, వద్దా?

వీరభద్రం ఇంటికొచ్చి, ఆ పిల్లకు పాలిచ్చి, హోంవర్కు కూడా చేయించాడు. అప్పుడొచ్చింది భార్య సుగుణ.

"ఎవల పిల్లను తీస్కచ్చినవయ్యా?"

"మన పోరే గదనే! యూనిఫారం గదే, రెండు జడలు గవే!"

సుగుణ ఏడుస్తూ స్కూలు గ్రూపులో ఆ పిల్ల ఫోటో పెట్టింది. వెంటనే రాజేశ్వర్ రావు ఫోను చేశాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి. మీ బిడ్డ మా ఇంట్ల అటుకులు తింటాంది. మా దానికి మీరేం పెట్టిన్రు?"

పిల్లలిద్దరూ చీకటి పడకముందే ఎవరిళ్లకు వాళ్లు చేరారు.

ఆ సిద్ధాంతం తప్పని నేననను. పిల్లల మాస్కు లేని ముఖాలను కూడా తండ్రులిద్దరూ గుర్తుపట్టలేదంటే, అది అక్షరాలా నిజమే! పొద్దస్తమానం ఫోనులో మెసేజ్‌లు చదివే ఆ బుర్రల్లో, పాపం, కన్నకూతురి ముఖానికి చోటెక్కడిది?