అట్టలో అంటుకుపోయిన సగం

పదకొండుకల్లా నవలను ప్రచురణ కార్యాలయంలో ఇచ్చేసి, ఇంటికొచ్చి నిశ్చింతగా పడుకోవాలన్నది ఆ ఉదయం ఫిజిక్సు మాస్టారు వేసుకున్న పథకం. ఆరేళ్ల రాత అది. ప్రయోగాత్మక సైన్సు నవలల వరసను ఆ కార్యాలయం ఆ రోజుతో ఆపేస్తోంది. రోజు దాటితే దాన్ని ముట్టుకునే నాథుడు ఉండడు. పైగా చేతిరాత ప్రతి ఒక్కటే ఉంది.

నవలలో ముప్ఫై అధ్యాయాలు, అన్నీ ఒకే ఉదయం గురించి. ఒక శాస్త్రవేత్త పరీక్ష కోసం ఇనుప గదిలోకి వెళ్తుంది. పదిహేను అధ్యాయాల్లో ప్రాణాలతో బయటికొస్తుంది, పదిహేనింటిలో రాదు. ఎలక్ట్రాన్ మనం చూసేదాకా రెండు స్థితుల్లోనూ ఉన్నట్టే, పాఠకుడు చదివేదాకా ఆమె కూడా రెండు విధాలా ఉంటుందని మాస్టారి సిద్ధాంతం. ఏ అధ్యాయమైనా ముందు చదవొచ్చు కనుక పేజీలకు అంకెలు వేయలేదు. ఆ విడి కాగితాలకు ఒక అట్టపెట్టె చేసిమ్మని బైండింగు పనిచేసే బావమరిదికి అప్పగించారు.

తొమ్మిదిన్నరకు బావమరిది వచ్చి బల్ల మీద నిగనిగలాడే బైండు పుస్తకం పెట్టాడు. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"పెట్టె ఏదిరా?"

"పెట్టెందుకు బావా, కాగితాలు చెదిరిపోవూ? శుభ్రంగా కుట్టేసి అంకెలు కూడా వేశాను."

మాస్టారు చివరి పేజీ తిప్పారు. నూట ఇరవై. ఉండాల్సింది రెండు వందల నలభై.

"మిగతా సగం ఏమైంది?"

"ఒకే కథ మళ్లీ మళ్లీ ఉంది కదా, చిత్తుప్రతి అనుకున్నా. ఒకదాని మీద ఒకటి అంటించి అట్టలు చేసేశా."

పనికిరాని కాగితం అట్టల్లోకి పోవడం ఆ వృత్తిలో మామూలే. మాస్టారు అట్టను గోళ్లతో పీకబోయారు. భార్య మాత్రం వాదనలోకి దిగకుండా గిన్నెలో నీళ్లు మరిగించి, ఆవిరికి బంక వదులుతుందని అట్టను పైన పట్టుకుంది. అట్ట బూరెలా ఉబ్బింది. సిరా కారింది. చివరికి ఒక్క కాగితం ఊడివచ్చింది. ఆమె దాన్ని నిలబడే చదివింది.

"ఏమండీ, జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకునే ఈవిడ నేనేనా?"

"ఊఁ."

"ఇందులో నేను పోయాను."

"సగంలోనే."

"మిగతా సగంలో?"

"బయటికొచ్చి కాఫీ పెడతావు."

"అక్కడా నేనే పెట్టాలా!" అంటూ ఆమె స్టవ్ కట్టేసింది.

ఆరేళ్ల క్రితం ఆమె ఆపరేషన్ గదిలో ఉన్నప్పుడు, మాస్టారూ బావమరిదీ బయట ఒకే బెంచీ మీద ఐదు గంటలు కూర్చున్నారు. లోపల ఏమైందో చెప్పే దిక్కు లేకపోయింది. ఆ ఐదు గంటలే ఈ నవల. అందులో సగం పోయిందంటే మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ.

అయినా ఉబ్బిన పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టుకుని ముగ్గురూ బస్సెక్కారు. కార్యాలయంలో సంపాదకురాలు జరిగిందంతా విని, ఊడిన కాగితం చదివి, పుస్తకమంతా తిరగేసి, అట్టను కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసింది.

"బతికిన కథ పైకి కనిపిస్తోంది, పోయిన కథ అట్టలో ఉంది. తెలుసుకోవాలంటే పుస్తకాన్ని పాడుచేసుకోవాలి. ఇదండీ మాస్టారూ, ప్రయోగమంటే! వేసేస్తున్నాం, ఐదువందల ప్రతులు, ఇలాగే." ఆమె బావమరిది వైపు తిరిగింది. "అంకెల్లేని కాగితాల్లోంచి ఆవిడ చనిపోయిన అధ్యాయాలే ఏరి అంటించారు, ఒక్కటీ తప్పలేదు. చదవకుండా ఎలా కుదిరింది?"

బావమరిది తల దించుకున్నాడు.

"చదివానండీ. చిత్తుప్రతి అన్నది అబద్ధం. పెన్సిల్ దగ్గరే అక్క అని తెలిసిపోయింది. ఆ బెంచీ మీద నేనూ కూర్చున్నాను బావా. మళ్లీ కూర్చోవడం నావల్ల కాలేదు."

దారి పొడవునా తిట్లు కూడబెట్టుకున్న మాస్టారు బావమరిది భుజం మీద చెయ్యి వేశారు. ఆయనకు కళ్లు చెమర్చాయి. అక్క తమ్ముడి చొక్కా కాలరు సరిచేసింది.

బైండింగు పని బావమరిదికే ఇచ్చారు. పాఠకుడు విప్పుకోవడానికి వీలుగా బంక పలచగా వాడాలని సంపాదకురాలు మరీ మరీ చెప్పింది, అతను బుద్ధిగా తలూపాడు. అట్టల్లో చిక్కిన పదిహేను అధ్యాయాలనూ మాస్టారు మళ్లీ రాసిచ్చారు.

పుస్తకం వచ్చి రెండేళ్లయింది. అట్ట విప్పబోయి కత్తులు విరగ్గొట్టుకున్న పాఠకుల ఉత్తరాలు ఇంకా వస్తూనే ఉన్నాయి.